దజీజ్‌లో చింగ్‌మింగ్

దూదేకుల ఖాసిం వలిది రాయచోటికి అవతల ఒక చిన్న పల్లె. వాళ్ళ నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. ఫోం పరుపులొచ్చాక ఆ విల్లు అటకెక్కింది, ఖాసిం వలి కువైట్ దారి పట్టాడు. అల్ రాయ్‌లో కార్లు బాగుచేసే షెడ్డులో పని దొరికింది. కొన్నాళ్ళకు భార్య షాహజాదిని కూడా ఇంటిపని వీసా మీద రప్పించుకున్నాడు. ఆమె జాబ్రియాలో ఒక పెద్ద ఇంట్లో కుదిరింది. రెండేళ్ళ కూతురు తస్లీమ్‌ను ఊర్లో ఖాసిం తల్లి ఖైరున్‌బీ దగ్గర వదిలి వచ్చారు. దేశం ఒకటే అయినా మొగుడూ పెళ్ళాలది చెరో కొంప. ఏ శుక్రవారమో ఇంటి యజమానురాలు మామా దయతలిచి పంపితే, సందు చివర గోడ నీడన కూర్చుని పాప ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళు.

తొంభైలో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. షాహజాది పనిచేసే ఇంటివాళ్ళు ఎండాకాలమని విదేశం పోయి అక్కడే చిక్కుకుపోయారు. ఖాసిం ఆ ఇంటికెళ్ళి భార్యను వెంటబెట్టుకుని, నెల తిరిగేసరికి జనంతో పాటు బస్సెక్కాడు. బస్రా మీదుగా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరారు. అక్కడ ఎడారి నిండా గుడారాలు. నీళ్ళ ట్యాంకరు వస్తే తొక్కిసలాట. షాహజాదికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మందిచ్చే గుడారం దగ్గరికి మోసుకుపోయి వరుసలో కూర్చోబెట్టాడు. వాళ్ళ వంతు రాకముందే ఆమె పోయింది. ఆ సాయంత్రమే పూడ్చారు. మర్నాడు పొద్దున్నే వీళ్ళ పేర్లు పిలిచి లారీ ఎక్కమన్నారు. అది తప్పితే మళ్ళీ ఎన్నడో ఎవరికీ తెలియదు. ఖాసిం ఎక్కాడు.

ఊరికి చేరి తల్లి ముందు నిలబడి, "నేనొక్కడ్నే వచ్చినామ్మా" అన్నాడు. అంతకుమించి ఆమెకూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకు "దారిలో పోయింది" అని ఒక్క మాట. షబేబరాత్‌కు ఊరంతా పూలూ ఊదుబత్తులూ పట్టుకుని గోరీల దగ్గరికి పోతుంటే, తన నాయన గోరీ మీద నాలుగు పూలు పెట్టి, మిగిలిన పూలు ఎక్కడ పెట్టాలో తెలియక జేబులోనే ఉంచుకుని ఇంటికి వచ్చాడు. పాప తండ్రిని గుర్తుపట్టలేదు. జేజి ఖైరున్‌బీ కొంగు చాటున నిలబడి చూసేది. అలా చూసినప్పుడల్లా అది తల్లి మొహమే. ఇల్లు పట్టి ఉండలేక, యుద్ధం ముగిసి కువైట్ తెరిపినపడ్డాక మళ్ళీ వీసా సంపాదించుకుని వచ్చేశాడు.

ఈసారి ఫర్వానియాలో ఒక చైనా హోటలు వంటింట్లో పని. కూరగాయలు తరగడం, గిన్నెలు తోమడం, దజీజ్‌లో ఉన్న గోదాము నుంచి బియ్యం మూటలూ నూనె డబ్బాలూ తేవడం. యజమాని కువైటీ. వంటంతా లియావ్ అనే ఆయన చేతిమీదుగా నడిచేది.

లియావ్‌ను మొదట చూసినప్పుడు ఖాసిం చైనా నుంచి వచ్చాడనే అనుకున్నాడు. ఆయన నోరు తెరిస్తే గంగలా హిందీ వచ్చింది. పుట్టింది అస్సాంలో తేయాకు తోటల ఊరు. పెరిగింది కలకత్తాలో, తోళ్ళు పదును చేసే చీనావాళ్ళ పేటలో. చైనా మొహం ఎన్నడూ చూడలేదు. భార్య పోయింది. ఒక్కతే కూతురు మేలిన్, పెళ్ళి చేసుకుని కెనడాలో ఉంది. మాట తక్కువ మనిషి. నిప్పుల ముందు నిలబడితే పక్కన పిడుగు పడినా తల తిప్పడు. వంటింట్లో పోరగాళ్ళంతా ఆయన్ని చూసి జంకేవాళ్ళు. ఖాసింకూ ఆయనకూ మాత్రం ఏనాడూ పేచీ రాలేదు. ఇద్దరూ మాట్లాడని మనుషులే కావడంతో ఒకరి పక్కన ఒకరికి హాయిగా ఉండేది.

తొంభై అయిదు ఏప్రిల్ మొదట్లో ఒక సాయంత్రం లియావ్ హోటలుకు సంబంధం లేని వంటేదో చేయడం మొదలుపెట్టాడు. కోడిని కొయ్యకుండా పూర్తిగా ఉడికించాడు. గుడ్లు ఉడకబెట్టాడు. తెల్లన్నం వండి మూతపెట్టాడు. తర్వాత ఖాసిం వైపు తిరిగి, "రేపు పొద్దున నాతో దజీజ్‌కు వస్తావా? సామాను మోయాలి" అన్నాడు.

"సరుకేమన్నా దించాల్నా సాబ్?"

"సరుకు కాదు. మా నాన్నకు అన్నం పెట్టాలి."

ఖాసింకు అర్థం కాలేదు. అడగనూ లేదు.

మర్నాడు పొద్దున గోదాము వెనక ఖాళీ జాగాలో లియావ్ ముందు చీపురు పట్టాడు. మూలనంతా శుభ్రంగా ఊడ్చి, ఒక ఇటుక నిలబెట్టి, దానికి ఎర్ర కాగితం అంటించాడు. కాగితం మీద నల్ల సిరాతో చీనా అక్షరాలు. దాని ముందు చల్లారిన కోడి, గుడ్లు, అన్నం, కమలాపళ్ళు, మూడు చిన్న గిన్నెల్లో టీ. కల్లు పోయాలట, ఈ దేశంలో అది కుదరదు కాబట్టి టీ. ఊదుబత్తులు వెలిగించి మూడుసార్లు నడుం వంచి దండం పెట్టాడు. కలకత్తా నుంచి ఎవరో తెచ్చిచ్చిన పసుపుపచ్చ కాగితాలు, పోయినవాళ్ళకు అందే డబ్బట, ఒక్కొక్కటే ఖాళీ నేతిడబ్బాలో వేసి కాల్చాడు. కొన్ని మాత్రం కాల్చకుండా, సన్నగా చించి, ఇటుక నెత్తిన ఒక రాయి కింద పెట్టాడు. గాలికి ఆ పీలికలు అల్లల్లాడుతున్నాయి.

అన్నీ అయ్యాక ఇద్దరూ గోడ నీడన కూర్చున్నారు. లియావ్ గుడ్డు ఒలిచి ఖాసింకు ఇచ్చాడు. వాళ్ళు మాట్లాడుకున్నది హిందీలో. ఖాసిం మనసులో మాత్రం అన్నీ తన ఊరి తెలుగులోనే మెదిలేవి.

"దీన్ని చింగ్‌మింగ్ అంటారు" అన్నాడు లియావ్. "తేట, వెలుతురు అని అర్థం. చలి పోయి చిగుళ్ళు వచ్చే రోజులు. మావాళ్ళు ఎక్కడున్నా ఈ పూట పెద్దల సమాధుల దగ్గరికి వెళ్తారు. గడ్డి పీకుతారు, ఊడుస్తారు, పలక మీది అక్షరాలకు రంగు వేస్తారు. కూర్చుని అందరూ కలిసి తింటారు."

ఖాసిం చుట్టూ చూశాడు. ఏప్రిల్ గాలిదుమ్ముకు ఎదురు గోదాము కూడా సరిగ్గా కనబడటం లేదు. "ఈ దుమ్ములో తేట యాడుంది సాబ్?" అన్నాడు.

లియావ్ నవ్వాడు. ఆయన నవ్వడం ఖాసిం చూడటం అదే మొదలు.

"అన్నీ చల్లారినివే పెట్టినారు. ఏమిటికి?"

"దానికొక కథ ఉంది. మా నాన్న చెప్పేవాడు." లియావ్ చేతులు తుడుచుకున్నాడు. "చానా కాలం కిందట ఒక రాజకుమారుడు. సొంతవాళ్ళే తరిమేస్తే అడవులు పట్టి తిరిగాడు. వెంట నలుగురు సేవకులు. తిండి లేక అతను కుప్పకూలిపోతే, వాళ్ళలో జియె అనేవాడు తన తొడ కండ కోసి, ఉడికించి తాగించాడు. కాలం కలిసొచ్చి అతను రాజయ్యాడు. అందరికీ పదవులిచ్చాడు, జియెను మరిచిపోయాడు. జియె నోరు తెరిచి అడగలేదు. ముసలి తల్లిని వీపున వేసుకుని కొండల్లోకి వెళ్ళిపోయాడు. ఎవరో గుర్తుచేస్తే రాజు సిగ్గుపడి వెతుక్కుంటూ వచ్చాడు. ఎంత పిలిచినా జియె రాలేదు. నిప్పు పెడితే బయటికి వస్తాడని ఎవడో సలహా ఇచ్చాడు. అడవంతా తగలబెట్టారు."

"వచ్చినాడా?"

"రాలేదు. మంటలు ఆరాక చూస్తే ఒక చెట్టు మొదట్లో తల్లీకొడుకులు కాలిపోయి ఉన్నారు. రాజు ఏడ్చాడు. ఏటా ఆ రోజున దేశంలో ఎవరూ పొయ్యి రాజేయకూడదని చాటింపు వేయించాడు. ముందురోజు వండిన చల్లటి తిండే తినాలి. తర్వాత్తర్వాత అదీ, సమాధులు ఊడ్చే పండుగా ఒకటైపోయాయి." మళ్ళీ తనే, "రాజు ఏడుపు పండుగైంది. కాలినవాడికి ఏం ఒరిగింది? చిన్నప్పుడు నేను ఇలాగే అడిగితే మా నాన్న మొట్టికాయ వేశాడు" అన్నాడు.

"మీ నాయన సమాధి కలకత్తాలోనా సాబ్?"

లియావ్ కాదన్నట్టు తల ఊపి చెప్పుకొచ్చాడు. అరవై రెండులో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు అస్సాంలో చీనా మొహమున్న వాళ్ళందరినీ పోగుచేసి, రైళ్ళెక్కించి, రాజస్థాన్ ఎడారిలో ఒక క్యాంపుకు తోలారట. లియావ్‌కు అప్పుడు పన్నెండేళ్ళు. వాళ్ళ నాన్న చెప్పులు కుట్టేవాడు, యుద్ధమంటే ఏమిటో ఎరగడు. రెండో వేసవిలో జ్వరమొచ్చి క్యాంపులోనే పోయాడు. కంచె అవతల ఎక్కడో పూడ్చామని వచ్చి చెప్పారు. పిల్లల్ని వెళ్ళనివ్వలేదు. విడిచిపెట్టాక చేతిలో ఏమీ లేక తల్లితో కలకత్తా చేరారు.

"అమ్మ బతికినన్నాళ్ళూ వెళ్దాం వెళ్దాం అంటూనే ఉంది. రైలు దగ్గరికి వచ్చేసరికి ఆమె కాళ్ళు ఆడేవి కావు. మళ్ళీ ఆ రైలే కదా. అందుకని ఇదిగో, ఎక్కడుంటే అక్కడ ఇటుక పెట్టుకుంటాను." రాయి కింద ఊగుతున్న పీలికల్ని చూపించాడు. "ఆ కాగితాలు ఎందుకో తెలుసా? దారిన పోయేవాళ్ళు చూసి, ఈ సమాధికి మనుషులున్నారు, ఈ ఏడు కూడా వచ్చిపోయారు అనుకోవాలని."

తర్వాత లేచి, మిగిలిన కాగితాల్లోంచి ఒకటి తీసి ఇటుకకు దూరంగా, విడిగా ఒక రాయి కింద పెట్టాడు. "ఇది అడిగేవాళ్ళు లేని ఆత్మలకు. దారిలో పోయినవాళ్ళకు, దిక్కులేనివాళ్ళకు."

దారిలో పోయినవాళ్ళు అన్న మాట ఖాసింకు ఎక్కడో తగిలింది. చేతిలో గుడ్డు అలాగే ఉండిపోయింది.

"మా యమ్మి దిక్కులేనిది గాదు సాబ్" అన్నాడు.

లియావ్ తిరిగి చూశాడు.

"షాహజాది. నా పెండ్లాము. నేను పక్కనే ఉండినా. దిక్కులేక పోల్యా."

అయిదేళ్ళుగా తల్లికి కూడా చెప్పనిదంతా ఆ గోడ నీడన బయటికి వచ్చింది. శవానికి స్నానం చేయించడానికి నీళ్ళు లేకపోతే, శుభ్రమైన మట్టితో తుడిచినా చాలునని ఎవరో సూడాన్ ఆడమనుషులు ముందుకొచ్చి చేసిపెట్టారు. కఫన్‌కు ఒంటికి చుట్టే గుడ్డ లేదంటే, హజ్జుకు కట్టుకోవాలని దాచుకున్న తెల్లగుడ్డలు ఈజిప్టు ముసలాయన ఒకడు సంచిలోంచి తీసిచ్చాడు. కుక్కలు తవ్వకుండా ఖాసిం చీకటి పడేదాకా రాళ్ళు మోసి కప్పాడు. మర్నాడు లారీ మీదనుంచి తిరిగి చూస్తే అలాంటి రాళ్ళ కుప్పలు చాలా ఉన్నాయి. ఏది ఆమెదో పోల్చుకునేలోపే లారీ మలుపు తిరిగింది.

"గుర్తుకు ఏమన్నా పెట్టింటే బాగుండు. ఆ పొద్దు నాకు తోచల్యా సాబ్."

లియావ్ విడిగా పెట్టిన కాగితాన్ని రాయి కింది నుంచి తీసేసి, తన చేతిలోనే మడిచిపెట్టుకున్నాడు. "నీ భార్యకు కూడా ఒక ఇటుక పెట్టుకుందామా?" అని మెల్లగా అడిగాడు.

"మాలో అట్ల లేదు సాబ్. దువా చేస్తాము."

"అయితే చేయి. నేను నిలబడతాను."

ఖాసిం చేతులు పైకెత్తి ఫాతిహా చదివాడు. లియావ్ టోపీ తీసి పక్కన నిలబడ్డాడు. పూర్తయ్యాక ఇద్దరూ సామాను సర్దుకుని హోటలుకు వచ్చి ఎప్పటిలా పనిలో పడ్డారు. ఆ పొద్దంతా లియావ్ వందమందికి వేడివేడిగా వండి పెట్టి, తను మాత్రం చల్లన్నం తిన్నాడు.

అప్పటినుంచి ఏటా చింగ్‌మింగ్‌కు ఇద్దరూ దజీజ్ వెళ్ళేవాళ్ళు. లియావ్ తన పండుగ తను చేసుకునేవాడు, ఖాసిం తన దువా తను చేసుకునేవాడు. ఆ ఒక్క పూట తప్ప చనిపోయినవాళ్ళ మాట వాళ్ళ మధ్య మళ్ళీ వచ్చేది కాదు. ఊర్లో తస్లీమ్ పెద్దదైంది, కుట్టుపని నేర్చింది, రాయచోటిలోనే పెళ్ళయింది. ఖైరున్‌బీ పోయింది. ఫోన్‌లో కూతురు తల్లి ఊసెత్తినప్పుడల్లా ఖాసిం "తర్వాత మాట్లాడతా పాపా" అని పెట్టేసేవాడు. ఒక చీనా మనిషికి చెప్పగలిగింది కన్నకూతురికి చెప్పలేకపోయాడు.

రెండువేల ఎనిమిది చలికాలంలో లియావ్‌కు దగ్గు తగులుకుంది. ముప్పై ఏళ్ళు వంటింటి పొగ మింగిన ఊపిరితిత్తులు. ఆస్పత్రిలో చేర్చేసరికే చెయ్యి దాటిపోయింది. అక్కడ జాయ్సీ అనే తెలుగు నర్సు ఉండేది, పాలకొల్లు పిల్ల. పనైపోగానే ఖాసిం వెళ్ళి మంచం పక్కన కూర్చుంటే, "బాబాయిగారూ, ఆయనగారికి మీరేమవుతారండి?" అని అడిగింది.

ఖాసిం ఆలోచించాడు. "ఏమీ కామమ్మా. ఒక వంటింట్లో వాళ్ళము" అన్నాడు.

పోయే ముందు లియావ్ చివరిగా అడిగింది కిటికీ తెరవమని. తెరిస్తే దుమ్మే వచ్చింది. మార్చి చివర్లో కన్నుమూశాడు. చింగ్‌మింగ్‌కు ఇంకా వారం పైన ఉంది.

మేలిన్ కెనడా నుంచి వచ్చింది. కలకత్తాలో ఇప్పుడు సొంతవాళ్ళెవరూ మిగల్లేదు. కెనడాకు తీసుకుపోవడం ఆ పిల్ల వల్ల కాలేదు. ఊరికి దూరంగా, ముస్లిములు కానివాళ్ళను పూడ్చే చోట ఇసుకలోనే పెట్టారు. మేలిన్ చేతులకంటిన మట్టి దులుపుకోకుండా ఖాసిం దగ్గరికి వచ్చి, వచ్చీరాని హిందీలో, "అంకుల్, వచ్చే ఏడు ఏప్రిల్‌కు ఇక్కడికి ఎవరొస్తారు?" అంటూ ఏడ్చింది.

"నేను ఉండా గదమ్మా" అన్నాడు ఖాసిం.

అన్నాడే కానీ లోపల గుబులు పుట్టింది. గదిలో ఉండే అల్లాబకష్ నమాజు తప్పని మనిషి. అతన్ని అడిగాడు. "అన్నా, మన మతము కానోని సమాధి కాడికి పోవచ్చునా?"

అల్లాబకష్ గడ్డం నిమురుకున్నాడు. "మొక్కొద్దు. ఊడ్చేదానికేముంది? మనిషి పండుకున్న తావు సుబ్రం చేస్తే అల్లా ఏమిటికి కోప్పడతాడు?"

మరుసటి ఏప్రిల్‌లో జాయ్సీ కూడా వస్తానంది. వాళ్ళ పాలకొల్లు వైపు కూడా ఈస్టరు నాడు సమాధులకు సున్నం కొట్టి పూలు పెడతారట. ఇద్దరూ టాక్సీలో వెళ్ళారు. సమాధి సగం ఇసుకలో కూరుకుపోయి ఉంది. ఖాసిం మోకాళ్ళ మీద కూర్చుని చీపురుతో, తర్వాత చేతులతో ఇసుక తీశాడు. ముందురోజు తనే ఉడికించిన గుడ్లు, అన్నం, కమలాపళ్ళు పెట్టాడు. టీ పోశాడు. కాల్చేవేవీ కాల్చలేదు, దండం పెట్టలేదు. పసుపు కాగితం దొరక్క హోటలు బిల్లు కాగితాలే సన్నగా చించి రాయి కింద పెట్టాడు. ఆ పని చేస్తుండగానే అక్కడే ఇసుకలో కూలబడి పెద్దగా ఏడ్చాడు. లియావ్ చనిపోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. జాయ్సీ నీళ్ళసీసా మూత తీసి పట్టుకుని నిలబడింది.

"ఇట్లనే చేసుండాల్సింది" అన్నాడు చివరికి. "మా షాహజాదికి ఒక్కసారన్నా ఇట్ల చేసుండాల్సింది."

పదమూడులో హోటలు మూతపడింది. ఖాసింకు అరవై దగ్గరపడుతోంది. వీసాకు పూచీపడే ఇంకొక కఫీల్‌ను వెతుక్కునే ఓపిక లేక, ఖలాస్ అనుకుని అక్కడ ఉండే అనుమతి, ఇఖామా, రద్దు చేయించుకున్నాడు. బయలుదేరే ముందు లియావ్ సమాధి బాధ్యత జాయ్సీకి అప్పజెప్పాడు. రాయచోటికి వచ్చి కూతురి ఇంట్లోనే ఉన్నాడు.

ఆ మరుసటి ఏప్రిల్‌లో జాయ్సీ ఫోన్ చేసింది.

"బాబాయిగారూ, వెళ్ళానండి. కానీ కనపళ్ళేదండి. మొన్న గాలిదుమ్ము బాగా రేగిందండి, అటువైపంతా ఇసుక మేటేసేసింది. పేర్ల పలకలు చాలా పడిపోయాయండి. కాపలా ఆయన్ని అడిగితే తెలీదన్నాడు. చాలాసేపు వెతికానండి." 

 "పూలు తీసకపోయినావా పాపా?" అన్నాడు ఖాసిం.

"తీసుకెళ్ళానండి."

"యాడ పెట్టినావు?"

"ఎక్కడని పెట్టను బాబాయిగారూ? ఇసుక మీదే, అక్కడ ఉంటారనుకున్న చోట పెట్టేసొచ్చాను."

"చాలు తల్లీ. ఇంటికి పో. ఎండకు తిరగొద్దు" అని ఫోన్ పెట్టేశాడు.

కుట్టుమిషను మీద పనిచేసుకుంటున్న తస్లీమ్ ఆపి చూస్తోంది. "ఎవరి సమాధి నాయనా?" అంది.

చెప్పాడు. లియావ్ ఎవరో, వాళ్ళ నాన్న ఎక్కడ పోయాడో, దజీజ్ గోదాము వెనక ఇటుక పెట్టుకుని ఏటా ఏం చేసేవాడో, షాహజాది పోయిన వైనం ఆయనకు తను ఎలా చెప్పుకున్నాడో అన్నీ చెప్పాడు. తస్లీమ్ వింటూ వింటూ దగ్గరికి వచ్చి కింద కూర్చుంది.

"ఆయప్పకు చెప్పినావంట, నాకు చెప్పలేవా? అమ్మను ఎట్ల పెట్టినారు?"

ఈసారి ఖాసిం దాటేయలేదు. బస్సు దగ్గరనుంచి మొదలుపెట్టి, మలుపు దగ్గర లారీ తిరిగేదాకా చెప్పాడు.  అంతా అయిపోయాక, ఇరవై ఏడేళ్ళ ఆడపిల్ల, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"నన్ను తలుచుకునిందా నాయనా?"

"అదే మాట. నీళ్ళు కూడా అడగల్యా. పాపకు తల ఎవరు దువ్వుతాండారో అనింది. మీ జేజి దువ్వుతాదిలే అన్న్యా. జేజికి చిక్కులు తీసే ఓపిక లేదే, పిల్ల ఏడుస్తాది అనింది. అంతే."

తస్లీమ్ తండ్రి మోకాలి మీద తల ఆనించింది. ఖాసిం వలి ఆమె తల మీద చెయ్యి వేశాడు. పొద్దు గూకి ఇంట్లో చీకటి పడుతున్నా ఇద్దరిలో ఎవరూ లేచి దీపం వేయలేదు.